కురుచ కురులు: కత్తిరించే ముందు, తిరిగి పెంచే వేళ

వాలుజడ తెలుగింటి ఆడపడుచుకు సహజాలంకారమని మనవారి భావన. ఆ జడను తీసివేసి, చెవులు, మెడ కనిపించేటట్లు జుట్టును రెండు మూడు అంగుళాలకు కుదించుకున్న యువతులు నేడు పట్టణాలలోనే గాక మండల కేంద్రాలలో కూడా కనిపిస్తున్నారు. మన ఇళ్ళలో దీనిని బాయ్ కట్ అంటారు. పార్లర్లలో పిక్సీ కట్ అంటారు. పేరు ఏదైనా, ఈ కత్తిరింపుతో నా చికిత్సాలయానికి వచ్చేవారు మూడు విధాలుగా ఉంటారు. సౌకర్యం కోసమో, అందం కోసమో ఇష్టపడి కత్తిరించుకున్నవారు మొదటి తెగ. డెంగీ, టైఫాయిడ్, ప్రసవం వంటి వాటి తరువాత జుట్టు పలుచబడి, విధిలేక కత్తిరించుకున్నవారు రెండవ తెగ. తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చి, ఐదారు నెలలకు సరిగ్గా ఈ పొడవుకు చేరినవారు మూడవ తెగ.

ముగ్గురూ చివరకు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏమి రాస్తే త్వరగా పెరుగుతుంది?" ఈ ప్రశ్నకు సూటియైన సమాధానం తెలిస్తే పాఠకులకు ధనమూ మిగులుతుంది, మనశ్శాంతీ మిగులుతుంది. దానిని యథాస్థానంలో వివరిస్తాను.

ఈ కత్తిరింపు ఎక్కడిది?

పిక్సీ అనే మాటకు ఆంగ్లేయుల జానపద కథలలో కొంటె వనదేవత అని అర్థం. 1953లో విడుదలైన 'రోమన్ హాలిడే' అనే ఆంగ్ల చలనచిత్రంలో ఆడ్రీ హెప్‌బర్న్ ధరించిన రాకుమారి పాత్ర, రాచమర్యాదల నుండి తప్పించుకొని రోము నగరంలోని ఒక క్షౌరశాలలో తన పొడవాటి జుట్టును కత్తిరింపజేసుకుంటుంది. ఆ చిత్రం తరువాత కురుచ జుట్టు పాశ్చాత్య దేశాలలో విశేష ప్రచారం పొందింది. 1966లో ట్విగ్గీ అనే ఆంగ్ల మోడల్ దానికి మరింత ప్రాచుర్యం కలిగించింది.

మన ప్రాంతంలో ఈ కత్తిరింపుకు ఎదురైన విముఖతకు వేరొక కారణం ఉన్నది. కొన్ని కులాలలో భర్త మరణించిన స్త్రీకి బలవంతంగా శిరోముండనం చేయించే దురాచారం ఉండేది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి అది బలంగానే ఉన్నది. స్త్రీ తలపై జుట్టు లేకపోవడం అశుభమనే భయం ఆ దురాచారపు నీడ నుండి వచ్చినదే. ఆచారం పోయినది గాని ఆ నీడ కొన్ని ఇళ్ళలో ఇంకా మిగిలి ఉన్నది. తన కుమార్తె జుట్టు కత్తిరించుకున్నదని కన్నీరు పెట్టుకొనే తల్లులను నేను నేటికీ చూస్తున్నాను.

శాస్త్రం ఏమంటున్నది?

కేశఖండనాన్ని ఆయుర్వేదం ఎక్కడా నిందించలేదు. చరక సంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో కేశములు, గడ్డము, గోళ్ళు కత్తిరించుకోవడం పుష్టిని, ఆయుష్షును, శుచిత్వాన్ని, రూపశోభను ఇస్తుందని ఉన్నది. సుశ్రుతుడు చికిత్సాస్థానంలో దాని వలన శరీరానికి తేలికదనం, మనస్సుకు హర్షం, ఉత్సాహం కలుగుతాయన్నాడు. ఈ విధులు ప్రధానంగా పురుషుల దినచర్యను ఉద్దేశించినవే. అయినా కత్తెర తగిలితే దేహానికి కీడు అని చెప్పిన ఆచార్యుడు లేడు.

కేశములు అస్థిధాతువుకు చెందిన మలమని చరకుని సిద్ధాంతం. అనగా తిన్న ఆహారం రసమై, రక్తమై, క్రమంగా అస్థి వరకు చక్కగా పరిణమించినప్పుడే కేశములు చక్కగా పుడతాయి. జుట్టు లోపలి పోషణకు గుర్తు అని దీని భావం. ఆధునిక శాస్త్రం కూడా వెంట్రుకలో ప్రాణమున్న భాగం చర్మం లోపలి కుదురు మాత్రమేననీ, బయట కనిపించే పోగు నిర్జీవమనీ చెబుతున్నది. కనుక బయటి పోగును కత్తిరించినా, గీసివేసినా ఆ విషయం లోపలి కుదురుకు తెలియదు.

"గుండు చేయిస్తే జుట్టు వత్తుగా వస్తుంది" అనే నమ్మకం ఇందువల్లనే నిలవదు. కొసదేరిన వెంట్రుక మెత్తగా ఉంటుంది. మధ్యకు తెగిన వెంట్రుక మొద్దుగా, గరుకుగా చేతికి తగులుతుంది. ఆ గరుకుదనమే వత్తుగా వచ్చినదనే భ్రమ కలిగిస్తుంది. కుదుళ్ళ సంఖ్య మారదు. మొక్కు చెల్లించదలచినవారు భక్తితో చెల్లించవచ్చు. మూడు కత్తెరలు ఇచ్చే సంప్రదాయమూ ఉన్నది. వత్తైన జుట్టు వస్తుందనే ఆశతో మాత్రం గుండు చేయించుకోవద్దు.

కత్తిరించుకొనే ముందు

మొదట జుట్టు స్వభావాన్ని గమనించాలి. వాతప్రకృతి గలవారి జుట్టు పొడిగా, గరుకుగా, ఉంగరాలు తిరిగి ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు పొడవుగా కనిపించి, ఆరగానే ముడుచుకొని పైకి పోతుంది. వీరు తాము కోరిన దానికంటే ఒక అంగుళం ఎక్కువే ఉంచమని చెప్పుకోవాలి. పిత్తప్రకృతి వారి జుట్టు సన్నగా, మృదువుగా ఉండి త్వరగా నెరుస్తుంది. కురుచగా ఉంటే నిండుగా కనిపిస్తుంది కనుక వీరికి ఈ కత్తిరింపు బాగా నప్పుతుంది. కఫప్రకృతి వారి దట్టమైన జుట్టును లోలోపల పలుచన చేసి కత్తిరించకపోతే టోపీ పెట్టినట్లు నిలుస్తుంది.

రెండవది సుడి. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని మన పెద్దలు హాస్యమాడేవారు. పెళ్ళి మాట అటుంచి, సుడి దగ్గర జుట్టును మరీ పొట్టిగా కోస్తే అక్కడి వెంట్రుకలు పిచ్చుక తోకవలె నిలబడతాయి. నడినెత్తిన, మెడ మీద సుడి ఎటు తిరిగి ఉన్నదో కత్తిరించేవారికి ముందే చూపించాలి.

మూడవది తొందరపడకపోవడం. నడుము వరకు ఉన్న జడను ఒకేసారి చెవుల పైకి తీయించవద్దు. ముందు భుజాల వరకు కత్తిరించి, పదిహేను రోజులు అద్దంలో చూసుకొని, అప్పటికీ ఇష్టం నిలిస్తే రెండవసారి కూర్చోవాలి. తీసిన జడను దానం చేయదలచినవారు కత్తిరించకముందే రెండు కొసలా రబ్బరు బ్యాండు వేయించి, పొడిగా ఉండగా తీయించాలి. క్యాన్సరు రోగుల విగ్గుల కోసం జుట్టు స్వీకరించేవారు సాధారణంగా పన్నెండు అంగుళాల పొడవు కోరుతారు. మెడ వెనుక నూగును గీసేటప్పుడు కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటపడరాదు. కామెర్లకు కారణమైన హెపటైటిస్ బి వంటి వ్యాధులు వాడిన బ్లేడు ద్వారా సంక్రమించగలవు.

క్యాన్సరుకు కీమోథెరపీ ఆరంభించబోయే స్త్రీలకు కురుచ కత్తిరింపు ఒక ఊరట. పొడవాటి జుట్టు కుచ్చులుగా చేతిలోకి రావడం చూడటం కంటే ముందే తగ్గించుకోవడం మనస్సుకు కొంత సులువు. 'మురారి', 'ఇంద్ర' చిత్రాల ద్వారా మనకు పరిచితురాలైన సోనాలీ బెంద్రే 2018 జూలైలో తనకు క్యాన్సరు సోకిన సంగతి వెల్లడించి, చికిత్సకు ముందు జుట్టును పొట్టిగా కత్తిరించుకొని ఆ చిత్రాలను అందరికీ చూపించారు. అది ఎందరికో ధైర్యం ఇచ్చింది. ఆ చికిత్సలో ఉన్నవారు తలకు ఏ పసరూ, లేపమూ పూయకూడదు. చికిత్స చేస్తున్న వైద్యునికి చెప్పకుండా మూలికా ఔషధాలను లోపలికి తీసుకోకూడదు. ఇది నేను ఆయుర్వేద వైద్యుడనై ఉండి చెబుతున్న మాట.

నిత్య సంరక్షణ

పొడవాటి జుట్టుకు అలవాటైన చేయి గిన్నెడు నూనె పోస్తుంది. కురుచ జుట్టుకు అది పనికిరాదు. మాడులో పుట్టే సహజ స్నేహం రెండంగుళాల దూరంలోని కొసలకు ఒక్కరోజులోనే చేరుతుంది. అందువల్ల కురుచ జుట్టు త్వరగా జిడ్డుబారుతుంది. వారానికి రెండుసార్లు, స్నానానికి గంట ముందు, ఒక చిన్న చెంచాడు నూనె వ్రేళ్ళ కొసలతో మాడుకు మాత్రమే మర్దించాలి.

గుంటగలగర తైలం ఇంట్లోనే చేసుకోవచ్చు. శుభ్రపరచిన ఆకును దంచి పిండిన రసం 400 మిల్లీలీటర్లు, నువ్వుల నూనె 100 మిల్లీలీటర్లు, నీటితో నూరిన అతిమధురం ముద్ద 25 గ్రాములు కలిపి సన్నని సెగపై కాచాలి. అడుగున చేరిన కల్కాన్ని వ్రేళ్ళ మధ్య నలిపితే వత్తివలె రావాలి. దానిని నిప్పుపై వేస్తే చిటపట శబ్దం రాకూడదు. అది పాకం కుదిరిన గుర్తు. వడగట్టి గాజుసీసాలో భద్రపరచుకోవాలి.

తలస్నానానికి గింజ తీసిన కుంకుడు కాయలు ఐదారు చాలు. రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఉదయం గుప్పెడు మందారాకులతో కలిపి పిసికి వడగట్టాలి. మందారపు జిగురు కుంకుడులోని పొడిదనాన్ని తగ్గిస్తుంది. రసం కంట పడకుండా చూసుకోవాలి. తలపై మాత్రం వేడినీరు పోయరాదు. వేడినీటి స్నానం మెడ కింది శరీరానికి బలమనీ, శిరస్సుకు కేశాలకు, నేత్రాలకు హానికరమనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో స్పష్టంగా హెచ్చరించాడు.

తీర్చిదిద్దుకొనే విధానం

కురుచ జుట్టుకు దువ్వెనకంటే చేతి వ్రేళ్ళే మేలైన సాధనం. ఉదయం లేవగానే ఒక వైపు అణగి, ఒక వైపు లేచి ఉన్న జుట్టును పొడిగా దువ్వితే లొంగదు. తడిచేతితో కుదుళ్ళ వరకు తడిపి, వ్రేళ్ళతో కావలసిన దిశకు తిప్పి, గాలికి ఆరనివ్వాలి. డ్రయ్యరు వాడేవారు దానిని జానెడు దూరాన ఉంచి, గోరువెచ్చని గాలినే వాడాలి.

అంగడిలో దొరికే జెల్లుకు బదులు అవిసె గింజల జిగురు వాడవచ్చు. రెండు పెద్ద చెంచాల గింజలను రెండు గ్లాసుల నీటిలో కలుపుతూ, కోడిగుడ్డు తెల్లసొనవలె జిగురు తేలే వరకు మరిగించాలి. చల్లారితే వడగట్టడం కష్టం. వేడి ఉండగానే పలుచని గుడ్డలో వడగట్టాలి. ఫ్రిజ్‌లో ఉంచితే ఒక వారం వాడుకోవచ్చు. అర చెంచాడు జిగురును అరచేతుల్లో రుద్దుకొని తడి జుట్టుకు పట్టిస్తే ముంగురులు చెప్పినచోట నిలుస్తాయి. కలబంద గుజ్జు కూడా ఇందుకు ఉపకరిస్తుంది. అయితే మట్టను కోసి, పసుపుపచ్చని రసం పూర్తిగా కారిపోయేవరకు నిలువుగా నిలబెట్టి, కడిగిన తరువాతే గుజ్జు తీయాలి. ఆ పసుపు రసం మాడుపై దురద పుట్టిస్తుంది.

ఇంతకాలం జడ చాటున ఉన్న మెడ, చెవుల అంచులు ఇప్పుడు నేరుగా ఎండకు గురవుతాయి. మధ్యాహ్నం బయటకు వెళ్ళేవారు చీరకొంగో, చున్నీయో కప్పుకోవాలి.

తిరిగి పెంచే వేళ: నెలల లెక్క

తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు, అనగా దాదాపు అర అంగుళం పెరుగుతుంది. సంవత్సరానికి పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు. మనిషిని బట్టి స్వల్పమైన హెచ్చుతగ్గులు ఉండవచ్చు. ఈ వేగాన్ని రెట్టింపు చేసే తైలం చరకసుశ్రుతుల గ్రంథాలలో లేదు, నా అనుభవంలోనూ లేదు, ఏ అంగడిలోనూ లేదు. తైలం చేసే మేలు వేరు. మాడు పొడిబారకుండా చూస్తుంది, వెంట్రుక విరగకుండా కాపాడుతుంది, మర్దన వలన నిద్ర పడుతుంది. పెరిగిన జుట్టును నిలుపుకోవడానికి అది సాయం. పెరుగుదల వేగం కుదురు చేతిలో ఉన్నది.

కొంతకాలం క్రితం ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చింది. డెంగీ జ్వరం తగ్గిన రెండు నెలలకు ఆ అమ్మాయికి జుట్టు విపరీతంగా రాలింది. విసిగి, మిగిలినదానిని పొట్టిగా కత్తిరించుకున్నది. తల్లి సంచిలో నుండి ఒక నూనె సీసా తీసి బల్లపై పెట్టింది. దాని వెల వేలల్లో ఉన్నది.

"అయ్యగారూ, మూడు నెలల్లో పెళ్ళిచూపులున్నాయి. దీనితో జడ వస్తుందా?"

"అమ్మా, మూడు నెలలకు మూడు సెంటీమీటర్లు వస్తుంది. నూనె రాసినా అంతే, రాయకపోయినా అంతే."

"పోనీ, సవరం పెట్టి నడిపించమంటారా?"

మూడంగుళాల జుట్టు సవరం బరువును మోయలేదు. పిన్నులు బిగించినకొద్దీ కుదుళ్ళు లాగబడి, నుదుటి అంచున, కణతల వద్ద జుట్టు పలుచబడుతుంది. ఆ లాగుడు చాలాకాలం సాగితే అక్కడ జుట్టు మళ్ళీ రాకపోవచ్చు. ఆ మాటే చెప్పాను. అంతవరకు మౌనంగా ఉన్న అమ్మాయి, "ఉన్నది ఉన్నట్టే చూడనివ్వమ్మా" అన్నది. జ్వరం తరువాత రాలిన జుట్టు కుదురు చెడక తిరిగి మొలుస్తుందని, అప్పటికే ఆమె నుదుటి అంచున కనిపిస్తున్న సన్నని కొత్త వెంట్రుకలను అద్దంలో తల్లికి చూపించాను. పెళ్ళిచూపులనాడు పక్కపాపిడి తీసి, ఒక చిన్న క్లిప్పు పెట్టుకొని కూర్చున్నదని తరువాత తల్లే చెప్పింది. సంబంధం సంగతి నేను అడగలేదు. ఆ తల్లి ముఖంలో మునుపటి దిగులు లేకపోవడం మాత్రం గమనించాను.

పెంచదలచినవారు ఈ దశలను గుర్తుంచుకోవాలి.

మొదటి మూడు నెలలు: ఆకారం చెడి, జుట్టు చెవులపై పొంగుతుంది. విసిగి మళ్ళీ కత్తిరించుకొనేది ఎక్కువగా ఈ సమయంలోనే. ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి మెడ వెనుక భాగాన్ని మాత్రమే సరిచేయించాలి. నడినెత్తి జుట్టు మెడ వరకు రావలసిన దూరం ఎక్కువ కనుక, వెనుక భాగాన్ని ఆపి పై భాగాన్ని పెరగనివ్వాలి. లేకుంటే వెనుక తోకవలె సాగి, పైన గుబురుగా మిగులుతుంది.

నాలుగు నుండి ఎనిమిది నెలలు: ముంగురులు కళ్ళలో పడతాయి. పాపిడిని పక్కకు మార్చి, చిన్న క్లిప్పులు, గుడ్డ బ్యాండు వాడాలి. బిగుతైన రబ్బరు బ్యాండు వద్దు.

ఏడాది మొదలు ఏడాదిన్నర: జుట్టు చుబుకం వరకు చేరుతుంది. ఇప్పుడు అంచులన్నీ ఒకసారి సమం చేయించవచ్చు.

రెండు, రెండున్నర ఏళ్ళు: భుజాలను తాకుతుంది, చిన్న జడ వస్తుంది. నడుము వరకు వాలుజడ కావాలంటే ఐదారేళ్ళ ఓపిక అవసరం. వెంట్రుక ఒక్కొక్కటి కొన్నేళ్ళు పెరిగి రాలిపోతుంది కనుక అందరికీ అంత పొడవు రాదు.

ఆహారం

కుదురుకు కావలసిన బలం భోజనంలో నుండే రావాలి. రోజూ పప్పు, తినేవారికి గుడ్డు లేదా చేప, మునగాకు, తోటకూర, నువ్వులు బెల్లం కలిపిన చిమ్మిలి ఒక ఉండ మంచివి. ఆకుకూరపై నిమ్మరసం పిండుకున్నా, ఉసిరికాయ పచ్చడితో తిన్నా అందులోని ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీ త్రాగితే ఆ ఇనుము ఒంటబట్టదు. కనీసం గంట వ్యవధి ఉండాలి. బరువు తగ్గాలని ఒంటిపూట భోజనం చేస్తూ జుట్టు రాలుతున్నదని వచ్చే యువతులకు నేను మొదట వ్రాసే మందు రెండవపూట భోజనం.

ఎప్పుడు వైద్యుని చూడాలి?

రోజుకు యాభై నుండి నూరు వెంట్రుకలు రాలడం సహజం. తీవ్రమైన జ్వరం, ప్రసవం, శస్త్రచికిత్స తరువాత రెండు మూడు నెలలకు అధికంగా రాలడమూ తాత్కాలికమే. 2020, 2021 సంవత్సరాలలో కరోనా తగ్గినవారు ఎందరో ఇదే బాధతో వచ్చారు. అధికుల విషయంలో కొద్ది నెలల్లోనే రాలడం ఆగి, జుట్టు తిరిగి వచ్చింది.

కాని ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోతే, పాపిడి రోజురోజుకూ వెడల్పవుతుంటే, నెలసరి క్రమం తప్పితే, అలసట, ఆయాసం, బరువులో మార్పు ఉంటే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. రూపాయి బిళ్ళవలె గుండ్రంగా జుట్టు ఊడితే అది పేనుకొరుకుడు. శాస్త్రంలో దీనిని ఇంద్రలుప్తమన్నారు. పేరులో పేను ఉన్నా పేలకు దీనితో సంబంధం లేదు. దీనికి గురివింద గింజల ముద్ద పూయమని ఇరుగుపొరుగు చెప్పడం వాడుక. గురివింద గింజ కడుపులోకి పోతే ప్రాణాంతక విషం. గ్రంథోక్తమైన చికిత్సే అయినా, శుద్ధి తెలిసిన వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఇంట్లో దానిని నూరవద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

చివరగా పెద్దలకు ఒక విన్నపం. ఇంట్లో ఆడపిల్ల జుట్టు కత్తిరించుకొని వస్తే కోపగించకముందు కారణం అడగండి. ఇష్టంతో చేసిన పనియైతే నెలకొక సెంటీమీటరు చొప్పున అది ఎలాగూ తిరిగి వస్తుంది. జుట్టు రాలడం భరించలేక చేసిన పనియైతే, ఆమెకు కావలసింది రక్తపరీక్ష, రెండు పూటలా కడుపునిండా భోజనం, కంటినిండా నిద్ర. ఆ మూడూ సమకూర్చిన తరువాత ఆదివారం నాడు ఒక చెంచాడు నూనె తీసుకొని ఆమె మాడుకు మీ చేతితోనే మర్దించండి.